దంపతుల పోస్టు

సూర్యాపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో మహేందర్ డెమో క్లాసును శోభ చెడగొట్టింది.

వేసవి సెలవులు. పిల్లలు లేరు. అందుకని ఉద్యోగానికి వచ్చినవాళ్లే ఒకరి డెమోకు ఒకరు విద్యార్థులై కూర్చున్నారు. మహేందర్ బోర్డు మీద మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ అని రాశాడు. మూడో బెంచీలో చెయ్యి లేచింది.

"ఎందుకు సార్?"

"రూల్ అమ్మా."

"ఎవరు పెట్టిండ్రు సార్?"

ఎమ్మెస్సీ, బీఈడీ చదివినవాడు చాక్‌పీసు పట్టుకుని గుడ్లప్పగించాడు. ఆ ఉద్యోగం చివరికి యజమాని మేనకోడలికి పోయింది.

వారానికి కోదాడలో ఇంకో స్కూల్లో మళ్లీ ఎదురుపడ్డారు. ఈసారి బోర్డు దగ్గర ఆమె. మహేందర్ కక్షకొద్దీ చెయ్యెత్తాడు.

"సున్నాతోని ఎందుకు భాగించొద్దు మేడం?"

"లేచి రా నాయనా. ఇవి ఆరు చాక్‌పీసులు. ఎవ్వరూ లేని క్లాసుకు సమానంగ పంచు."

మహేందర్ లేచి వెళ్లి అందుకున్నాడు. చేతిలో చాక్‌పీసులు చూసుకున్నాడు. ఏం చేయాలో తోచక కూర్చున్నాడు. గది గొల్లుమంది.

ఆమెకూ ఉద్యోగం రాలేదు. అనుభవం లేదన్నారు. అదెక్కడ అమ్ముతారో చెప్పలేదు.

బస్టాండులో చాయ్ తాగుతూ మహేందర్ అన్నాడు. "మీ వల్లనే సూర్యాపేట పోయింది."

"పోనియ్యి. గాడ ముందే పేరు రాసిపెట్టుకున్నరు. నన్నెందుకు అంటవ్?"

"మా నాయన జూన్ దాక సూస్తడట. తర్వాత దామరచర్ల కరెంటు ప్లాంటుల కూలికి పొమ్మన్నడు."

శోభ నవ్వు ఆగింది. "మిర్యాలగూడల హాస్టల్ స్కూలుకు మనుషులు కావాల్నట. వస్తవా?"

"నువ్వు ప్రశ్నలు అడగకుంటే."

"అడుగుత. ఏది అడుగుతనో ముందే చెప్త."

చెప్పింది. అడిగింది. అతను గడగడా జవాబిచ్చాడు. ఆమె డెమోలో అతనూ అలాగే చేశాడు. ప్రిన్సిపాల్ ఏసుపాదం కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"మీరు దంపతులు కదా? మాకు అట్లాంటోళ్లే కావాలె. ఇద్దరికీ లెక్కలు, ఇద్దరికీ వార్డెన్ పని. క్వార్టరు కూడ ఇస్తం."

మహేందర్ శోభ వైపు చూశాడు. ఒక్క ఔను చాలు. దామరచర్ల తప్పుతుంది.

"కాదు సార్," అంది శోభ. "సూర్యాపేటల కొట్లాడినం, కోదాడల కొట్లాడినం. గంతే."

"మరి అదే కదమ్మా దంపతులంటే!"

నవ్వి, ఆమెను లెక్కల టీచరుగా తీసుకున్నాడు. "బాయ్స్ వార్డెన్‌గ మాత్రం పెండ్లయినోళ్లనే పెట్టుకుంటం. నీ కోసం పదిహేను రోజులు ఆగుత, బాబూ."

గేటు దాటాక శోభ అడిగింది. "నోరు పడిపోయిందా?"

"కోదాడలనే ఒక మాట అడుగుదామనుకున్న. ఇప్పుడడిగితే క్వార్టరు కోసం అడిగినట్టు ఉంటది. ఇగ ఉద్యోగం దొరికినంకనే."

"దొరకకుంటే?"

మహేందర్ వచ్చిన బస్సెక్కాడు.

పదిహేను రోజులు గడిచాయి. ఆ పోస్టులో వేరే ఎవరో చేరారు. జూన్ ఆఖరున, దంచికొట్టే వానలో, మహేందర్ ఆ గేటు ముందే నిలబడ్డాడు. శోభ గొడుగు వేసుకుని వచ్చింది.

"కోదాడ కోచింగ్ సెంటర్ల చేరిన. జీతం చెప్తే నవ్వుతవ్."

"చెప్పు."

చెప్పాడు. నవ్వింది.

"క్వార్టరు లేదు. కిరాయికి ఒక్క అర్ర," అన్నాడు.

"క్వార్టరు సంగతి నేనడిగిన్నా? ఇంత తడిసి వచ్చినవ్. ఆ మాటేందో అడుగు."

అడిగాడు. ఆమె వెంటనే ఔననలేదు. అతన్ని ఇంకాసేపు వానలోనే నిలబెట్టింది.

"ఆదివారం హుజూర్‌నగర్ మా ఇంటికి రా. మా నాయన ఇంట్లనే ఉంటడు."

"ఆయన వద్దంటే?"

"అనడు. జీతం తెచ్చేది నేను. నెలసంది ఇంట్ల నా మాటే నడుస్తుంది."