వెనకగదిలో ఎర్ర పొయ్యి

"శైలా, వెనకింట్ల కట్టెలున్నయి. రెండు పట్కరాపో!" అని అమ్మ కేకేసింది.

శైలజ కదల్లేదు. స్కూల్ బ్యాగు సర్దుతున్నట్టు నటించింది. పొద్దున్నుంచీ ఆ బ్యాగును సర్దుతూనే ఉంది పాపం.

వాళ్లు చండూరులో ఈ ఇల్లు కొనుక్కుని వచ్చి వారమైంది. అంతకుముందు దేవరకొండ అవతల చిన్న ఊళ్లో ఉండేవాళ్లు. బాపు మల్లేశ్‌కు గొర్రెలే బతుకు. ఇల్లు అమ్మిన గండయ్య మగ్గం పని మానేసి, బట్టల దుకాణంలో కొలువుకని నల్గొండకు వెళ్లిపోయాడు. ఇల్లంతా బాగానే ఉంది. ఒక్క వెనకగదే శైలజకు నచ్చలేదు.

ఆ గదిలో ఒక పొయ్యి ఉంది. అమ్మ దాన్ని పొయ్యి అంటోంది గానీ, అంత పెద్ద పొయ్యిని శైలజ ఎక్కడా చూడలేదు. నడుమెత్తు మట్టి దిమ్మె, దాని మధ్యలో గుండ్రటి గొయ్యి. అందులో శైలజ కూర్చుంటే తల కూడా కనబడదు. అంచంతా ఎర్రటి చారలు. పక్క గోడమీద ఎర్రటి చేతి గుర్తులు. వాటిలో ఒకటి చిన్నది, శైలజ చెయ్యంతే ఉంటుంది.

మొదటిరోజు గడప దగ్గర నిలబడి చూసినప్పుడే ఆమె గుండె ఝల్లుమంది. అన్నం వండే పొయ్యికి ఎరుపెందుకు? ఇంత పెద్ద పొయ్యి మీద ఏం వండుతారు? ఎవరిని వండుతారు? ఆలోచన అటువైపు పోయిందంటే ఇక దాన్ని ఆపడం ఎవరి తరం?

"ఇనబడ్తలేదా?" అంటూ అమ్మ వచ్చింది.

"నేను పోను. ఆ పొయ్యికి నెత్తురున్నది."

అమ్మ నవ్వింది. "నెత్తురా? ఎవలో ఎర్రమన్ను, జాజు పూసిండ్రు. నడువ్, నడువ్."

అమ్మ నవ్వేసరికి శైలజకు ఒళ్లు మండింది. రోజూ ఇలాగే పంపిస్తారేమోనని భయం కూడా వేసింది. నోటికొచ్చింది అనేసింది.

"జాజు కాదు! పచ్చి నెత్తురు. నేను ముట్టుకున్న. వేలుకు అంటింది."

ఆమె దేన్నీ ముట్టుకోలేదు. అసలు గడపే దాటలేదు.

పక్కనే పప్పు చెరుగుతున్న అవ్వ బక్కమ్మ చేతిలో చాట ఆగిపోయింది. "పచ్చిదా? నిజంగనా బిడ్డా?"

"ఒట్టు అవ్వా."

అవ్వ లేచి వెళ్లి గడప దగ్గర్నుంచే తొంగి చూసింది. అవ్వకు చూపు అంతంత మాత్రమే. ఎరుపు కనబడింది. తడో పొడో తెలియలేదు. రెండు చేతులూ జోడించి వెనక్కి వచ్చేసింది. ఆ తర్వాత శైలజను కట్టెలకు పంపిన వాళ్లు లేరు. హమ్మయ్య అనుకుంది శైలజ. ఆ హమ్మయ్య సాయంత్రం దాకానే నిలిచింది.

బాపు ఇంటికి రాగానే అవ్వ చెప్పింది. "మల్లేశా, ఈ ఇంట్ల ఏదో పీడ ఉన్నది. కొత్తింట్ల దిగినం గానీ మన ఇంటి దేవుడు బీరప్పకు యాటను బలి ఇయ్యకపోతిమి. రేపు ఐతారం, ఇద్దాం."

"మంద అంత తమ్మునితోని కృష్ణ ఒడ్డుకు మేతకు పోయె. ఇప్పుడు యాటను ఏడికెల్లి తేవాలె?" అన్నాడు బాపు.

అవ్వ వాకిట్లో గుంజకు కట్టేసి ఉన్న జున్ను వైపు చూసింది.

జున్ను పొట్టేలు పిల్ల. పుట్టగానే తల్లి చనిపోతే, శైలజే సీసాతో పాలు పట్టి పెంచింది.

"జున్నును వద్దు!" అని అరిచింది శైలజ.

అవ్వ ఆమె తల నిమిరింది. "పీడ పోవద్దా బిడ్డా? నీకే గదా భయమైతాంది." అవ్వ కసురుకున్నా బాగుండేది. అంత ప్రేమగా అనేసరికి అబద్ధం చెప్పానని ఒప్పుకోవడం ఇంకా కష్టమైంది.

ఆ రాత్రి అన్నం సహించలేదు. నిజం చెబితే? ఒట్టు వేసి మరీ అబద్ధం ఆడింది కదా, బాపు ఊరుకోడు. చెప్పకపోతే జున్ను ఉండదు. తెల్లారేసరికి అందరూ మరిచిపోతే బాగుండునని దేవుళ్లందరికీ మొక్కింది. ఎవరూ మరిచిపోలేదు.

ఆదివారం పొద్దున్నే జున్నుకు పసుపు పూసి, మెడలో బంతిపూల దండ వేశారు. అవ్వ చెంబుతో నీళ్లు తెచ్చింది. యాట వీపు మీద నీళ్లు పోస్తారు. అది ఒళ్లు విదిలిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు. విదిలించేదాకా దాని మీద ఎవరూ కత్తి ఎత్తరు.

అవ్వ నీళ్లు పోసింది. జున్ను విదిలించలేదు. స్నానం చేయిస్తున్నారనుకుందేమో, పాలసీసా కోసం శైలజ చెయ్యి నాకింది. అవ్వ మళ్లీ పోసింది. జున్ను వీపు మీద చర్మం సన్నగా వణికింది.

ఆ వణుకు శైలజకు బాగా తెలుసు. స్నానం చేయించిన ప్రతిసారీ చూసిందే. అది వచ్చిందంటే, ఇక విదిలించడమే.

"ఆగుండ్రి!" అంటూ జున్నును వాటేసుకుంది. "పచ్చి నెత్తురు లేదు! నేను ముట్టుకోలే! అబద్ధం చెప్పిన!"

అప్పుడే జున్ను ఒళ్లంతా విదిలించింది. నీళ్లు అందరి మీదా చిందాయి. అయిపోయింది, దేవుడు ఒప్పుకున్నాడు అనుకుని శైలజ కళ్లు గట్టిగా మూసుకుంది.

అవ్వ చెంబు కింద పెట్టింది. "అబద్ధం మీద బీరప్ప యాటను తీస్కోడు. కానీ గా ఎరుపేంది మరి? అది నా కండ్లతోని నేనే చూసిన."

బాపు కొట్టలేదు, తిట్టలేదు. శైలజను అలా చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు కంటే రెండు దెబ్బలే నయమనిపించింది. తర్వాత గండయ్య ఇంటికి ఫోన్ కలిపి ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వే అడుగు. అది తెలిసేదాంక జున్ను గీడనే ఉంటడు."

ఫోన్ ఎత్తింది గండయ్య భార్య వసంతలక్ష్మి.

"చిన్నమ్మా, నేను మీ ఇల్లు కొన్న మల్లేశ్ బిడ్డను. వెనకింట్ల ఉన్నది... అది ఏం పొయ్యి?" అని అడిగింది శైలజ.

"అదా? నూలుకు రంగులేసే పొయ్యి బిడ్డా. దాని మీద గంగాళం పెట్టి, రంగునీళ్లు మరగబెట్టి, నూలు ముంచేటోళ్లం. ఎర్ర చీరల నూలంత ఆడనే అయ్యేది."

"గోడకు చేతులున్నయి గదా?"

"రంగు చేతులు ఏడ తుడుసుకుంటం? గోడకే! ఆ చిన్న చెయ్యి మా పిల్లది. ఎంత చెప్పినా ఇనకపోయేది. తడిబట్టతోని రుద్దిచూడు, రంగు దిగుతది."

అమ్మ తడిబట్ట తెచ్చి ఇచ్చింది. శైలజ గడప దాటింది. గోడమీది చేతుల వైపు చూడకుండా, పొయ్యి అంచును బట్టతో రుద్దింది. బట్ట గులాబీ రంగుకు తిరిగింది. దాన్ని పరుగున తెచ్చి అవ్వకు చూపించింది.

అవ్వ బట్టను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "రంగే! నా గుండె పలగగొట్టినవు గదనే!" అంటూ శైలజ వీపు మీద ఒక్కటి వేసింది. తర్వాత జున్ను మెడలో దండ తీసేసింది. "బీరప్పకు కొబ్బరికాయ కొడుదాం. ఆయినె కోపం చెయ్యడు."

శైలజ అప్పుడు ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం వెనకగదిలోంచి గరగరమని చప్పుడు వచ్చింది.

"ఏందే అది? పామా?" అంది అవ్వ.

శైలజకు భయం వేసింది. "తెల్వదవ్వా. చూసొస్త" అంది. అమ్మ దగ్గరున్న ఫోన్ తీసుకుని టార్చి వేసింది. గడప దగ్గర కాసేపు ఆగి, లోపలికి వెళ్లి పొయ్యిలోకి వంగి చూసింది. వెళ్లినంత మెల్లగానే తిరిగి వచ్చింది.

"పిల్లి. పొయ్యిల పిల్లలను పెట్టింది."

"ఎన్ని పెట్టింది?"

"రెండు కనబడ్డయి. తల్లి కింద ఇంకోటి ఉన్నదేమో" అంది శైలజ. "అది నేను చూడలే."