బోర్లించిన కంచం

మూడో రోజు పొద్దున కూడా బల్ల మీద మాస్టారి కంచం బోర్లించే ఉంది. ఆయన అలిగితే అంతే. భార్య వచ్చి, తప్పు తనదేనని బతిమాలి, తన చేత్తో కంచం తిప్పి పెట్టాలి. అప్పటిదాకా ఇంట్లో మెతుకు ముట్టడు, ఆమెతో మాట్లాడడు. పదకొండేళ్లుగా ఇదే తంతు. ఆయన తినకపోతే ఆమె కూడా తినదు. అదే ప్రేమనుకుంది, పిచ్చిది.

వీధిలో మాత్రం అందరి దృష్టిలో మాస్టారు వెన్నపూసే. భార్య మీద ఏనాడూ చెయ్యెత్తని మనిషట! ఎత్తాల్సిన అవసరమేముంది, కంచం ఉండగా?

ఈసారి ఆమె చేసిన నేరం చిన్నదేం కాదు. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే ఆమెను యజమాని ఆ విభాగానికి పెద్దను చేస్తానన్నాడు. ఇవాళ పదింటికల్లా ఔనో కాదో చెప్పాలి. వద్దని చెప్పేస్తే ఇంట్లో గొడవ వదులుతుంది కదా అనుకుంటూ, ఉతకడానికి ఆయన చొక్కా తీసి జేబులో చెయ్యి పెట్టింది. వేళ్లకు జిడ్డు తగిలింది. కాగితంలో చుట్టిన సగం కొరికిన బన్ను. వెన్న కరిగి జేబంతా పట్టేసింది. మొన్నటి చొక్కా జేబులోనూ బన్ను పొడే.

ఆమె మాత్రం రెండు రోజులుగా మంచినీళ్లతోనే ఉంది.

అంతలో ముందు గదిలోంచి కూతురి గొంతు వినిపించింది. ఎనిమిదేళ్ల పిల్ల, ఇంట్లో అందరికీ పిట్ట.

"తప్పు నాదే నాన్నా. ఇంకెప్పుడూ అలా చెయ్యను. లేచి అన్నం తిను."

"ఏం తప్పు చేశావో తెలుసా?"

"తెలీదు. కానీ నాదే."

మాస్టారు పేపరు చాటున నవ్వాడు. "మీ అమ్మకంటే నువ్వే నయం."

పిట్ట అన్నవి అక్షరాలా తల్లి మాటలే. గొంతులో ఆ వణుకుతో సహా పిల్ల నేర్చేసుకుంది. ఆయన మీద పుట్టిన రోత కంటే తన మీద తనకు పుట్టిన రోతే ఎక్కువైంది ఆమెకు. బన్ను తీసుకెళ్లి ఆయన ముందు పెట్టింది.

"ఇదేంటండీ?"

ఆయన తడబడ్డాడు. "మనిషన్నాక ఆకలెయ్యదా?"

"నాకు వెయ్యదా మరి?"

"నిన్ను తినొద్దని నేనన్నానా?"

"అనలేదు. తినమనీ ఒక్కసారి కూడా అనలేదు."

మాస్టారు వెంటనే గొంతులో జీర తెచ్చుకున్నాడు. "నేను పోతే గానీ ఈ ఇంట్లో మీకు సుఖం ఉండదు."

ఇదివరకైతే ఈ మాటకు కాళ్ల మీద పడిపోయేది. ఇప్పుడు ఆయన మీసానికి అంటుకున్న బన్ను పొడి తప్ప ఆమెకేమీ కనిపించలేదు. పిట్ట హడలిపోయి కంచం తిప్పడానికి పరుగెత్తింది. తల్లి ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా. బోర్లించింది మీ నాన్న. తిప్పితే ఆయనే తిప్పుకుంటారు."

రెండు కంచాలు పెట్టి, పొగలు కక్కుతున్న అన్నం వడ్డించింది.

"కూర్చో పిట్టా. తప్పు చేస్తే ఒప్పుకో. చెయ్యకపోతే మాత్రం ఎవరు పస్తున్నా ఒప్పుకోకు. అమ్మ చేసినట్టు చెయ్యకు. త్వరగా తిను, దుకాణానికెళ్లి ఔనని చెప్పాలి."

మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే కళ్లు నిండిపోయాయి.

"ఏడుస్తున్నావేంటమ్మా?"

"ఆకలే పిట్టా. ఇంత ఆకలుందని ఇన్నాళ్లూ తెలీలేదు."