గొట్టం గదిలో అప్పగింత

కోసపాళయంలో ఒంటిగంట నుంచి నాలుగు దాకా అంగళ్లన్నీ మూసేస్తారు. ఊరంతా కునుకు తీసే ఆ వేళ మేలుకుని ఉండేవి రెండే: ఒకటి ఉక్కు గొట్టం, రెండోది దానికి కాపలా కాసే లోకనాథన్. ఇద్దరిలో గొట్టానికే తెలివెక్కువని లోకనాథనే ఒప్పుకుంటాడు.

మూరెడు గొట్టం. లోపల సోడియం. అంతరిక్షంలో అణు రియాక్టరు వేడిని మోసుకుపోయి శూన్యంలో పారబోసే రకం. ఇక్కడ రియాక్టరు లేదు, ఉత్త పరీక్షే. ఒక కొసన కరెంటు హీటరు, రెండో కొస గాలి తీసేసిన అద్దాల పెట్టెలో. పదివేల గంటలు ఎర్రగా కాలుతూనే ఉండాలి. ఒక్కసారి చల్లారితే లెక్క మళ్లీ మొదటి నుంచి. తొమ్మిదివేల ఏడువందలు గడిచాయి. మళ్లీ మొదలెడితే ఇంకో పద్నాలుగు నెలలు ఆ స్టూలు మీద కూర్చునే ఓపిక లోకనాథన్ నడుముకు లేదు.

షిఫ్టు మారేటప్పుడు పాతవాడు "అప్పగించినా" అనాలి, కొత్తవాడు "తీసుకున్నా" అనాలి. అందాకా స్టూలు దిగకూడదు. ఈ పద్ధతి పెట్టింది ఇక్కడి పాత కాపలాదారు నటేశన్. నిరుడు ఆ స్టూలు మీదే, ఎవరికీ అప్పగించకుండా, గుండె ఆగి పోయాడు.

మధ్యాహ్నం అన్నంలో తిన్న కారక్కుళంబు పులుసు మత్తుగా కళ్ల మీదికెక్కింది. లోకనాథన్ రోజూ ఆడే వేళాకోళమే ఆడాడు. "నటేశన్నా, అప్పగించినా" అని ఖాళీ గోడకు చెప్పి కళ్లు మూశాడు.

మెలకువ వచ్చేసరికి ఫ్యాను ఆగి ఉంది. హీటరు దీపం ఆరి ఉంది. జనరేటరు కూడా అందుకోలేదు. మూడుంపావు... అంటే గంటన్నర నిద్ర.

గొట్టం నల్లబడి ఉండాలి.

ఎర్రగా ఉంది.

బ్యాటరీతో నడిచే మీటరు చూశాడు. హీటరు కొస ఆరువందల నలభై డిగ్రీలు. అద్దాల పెట్టె కొస ఆరువందల అరవై. వేడి అటునుంచి వస్తోంది... ఏమీ లేని వైపు నుంచి. గదిలో ముక్కుపొడుం వాసన. నటేశన్ పీల్చే పొడుం.

"లోకనాథా..." అలిసిపోయిన గొంతు, చెవి పక్కనే. "ఇంక నా వల్ల కాదురా... అప్పగించినా."

ఎరుపు మాసిపోసాగింది. ఆరువందల ఇరవై... ఆరువందలు...

పద్నాలుగు నెలలు. మళ్లీ మొదటి నుంచి.

"తీసుకున్నా," అన్నాడు లోకనాథన్.

నాలుగింటికి ఇంజనీరు కీర్తిక పరిగెత్తుకొచ్చింది. "మామా, వీధంతా కరెంటు లేదే! టెస్టు పోయిందా ఏంది?"

"పోలేదమ్మా. చూడు."

రెండు కొసలా ఆరువందల యాభై. హీటరు దీపం ఇంకా ఆరే ఉంది. ఆ పిల్ల అది చూడలేదు. సంతోషంతో అతని చేయి పట్టుకుని, చటుక్కున వదిలేసింది.

"ఏంది మామా, నీ చెయ్యి ఐసు మాదిరి ఉండాది?"

"ఇంకా పన్నెండు దినాలే కదమ్మా," అన్నాడు. మే నెల ఉక్కలో పళ్లు టకటక కొట్టుకున్నాయి.

"అదే చెప్పొచ్చినా. ఇంకో పదివేల గంటలు నడపమని లెటర్ వచ్చిండాది."

లోకనాథన్ స్టూలు దిగబోయాడు. కాళ్లు కదల్లేదు. ఆ పిల్ల ముఖంలోకి చూశాడు. నాలిక చివరికి ఆ అప్పగింత మాట వచ్చింది... పళ్ల మధ్య కొరికి పట్టుకున్నాడు.

మీటరు మీద ఒక డిగ్రీ పెరిగింది.