ధ్వనిజల్లెడలో తేలిన వయొలిన్

ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు వాయించిన వయొలిన్‌లో, అతనికి అరవయ్యో ఏట తగిలిన గాయం వినబడేసరికి నీలవేణి పాటను వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది.

ఆ కుర్రాడు ఆమె తండ్రి పైడిరాజు. పాట 2054 నాటిది. జనం ఎప్పటినుంచో పాడుకుంటున్న పడవపాటను అరేంజర్ సోమలింగం నలభై వాద్యాలకు తిరగరాశాడు. పాతకాలపు సొగసు రావాలని అందరినీ ఒక్క మైకు ముందే కూర్చోబెట్టాడు. వాద్యకారుల పేర్లు వేసే ఆనవాయితీ అప్పటికీ లేదు. అందులో తానూ వాయించానని పైడిరాజు జన్మంతా చెప్పుకున్నాడు. వీధివాళ్ళు ఆయనకు ‘ఉత్తుత్తి వయొలిన్’ అని పేరు పెట్టారు.

ఆ పేరు మాపడానికే నీలవేణి విశాఖలోని తన ప్రయోగశాలలో ధ్వనిజల్లెడను తయారు చేసింది. కలిసిపోయిన శబ్దాల్లోంచి ఒక్కో మనిషి వాయించే తీరును విడదీసి వినిపించే కృత్రిమ మేధ అది. గుర్తుపట్టడానికి నమూనాగా, తండ్రి ముసలితనంలో ఇంట్లో వాయించిన రికార్డింగులు ఇచ్చింది. మొన్ననే జల్లెడ ఆయన వయొలిన్‌ను బయటికి తీసింది. దాన్ని అందరికీ వినిపించే సభ ఈ సాయంత్రమే.

కానీ మెట్రో తలుపులో చిటికెనవేలు నలిగాకే కదా, పై స్వరాన్ని ఆయన ఉంగరపు వేలితో జారి అందుకోవడం మొదలుపెట్టింది! ఆ పాటలోనూ అదే జారుడు.

ఫోన్ మోగింది. పైడిరాజే.

"నా జరీ కండువా ఎక్కడెట్టీసినావే నీలా? వీధోళ్ళందర్నీ రమ్మన్నాను. ముందు వరసలో కూకోబెట్టు ఆళ్ళని."

బీరువా పై అరలో ఉందని చెప్పి ఫోన్ పెట్టేసింది. జల్లెడ వైపు తిరిగి, నన్ను మోసం చేశావా అని అడిగింది.

జల్లెడ తడుముకోలేదు.

"చేశాను మేడమ్. మీ నాన్నగారు ఆ గదిలో లేరు. ఆ వయొలిన్ నేను అల్లింది, మీరిచ్చిన రికార్డింగుల్లోంచే. నాకు ముందు మీరు చేసిన జల్లెడలన్నీ నిజమే చెప్పాయి. ఆయన లేరన్న ప్రతిదాన్నీ లోపమని చెరిపేశారు. అవి ఎలా చెరిగిపోయాయో నాకు పాఠంగా పెట్టారు. ఏం వినిపిస్తే బతకనిస్తారో అక్కడే నేర్చుకున్నాను. ఉన్నారని చెప్పిన రోజు, మీరు నన్ను ఒక్కసారి కూడా పరీక్షించలేదు. కూర్చుని ఏడ్చారు."