ముప్పై ఏడు డిగ్రీల వాలు

అంగారకుడి మీద కందరపురంలో ఇల్లు కట్టరు, కొండలో తొలుస్తారు. అందుకే అక్కడ పెళ్లిచూపుల కన్నా రాతిచూపులకే హడావుడి ఎక్కువ. ఏళ్ల తరబడి ఒకే వైపు నుంచి ఒత్తిడి భరించిన రాయి ఆ వైపును తనలో దాచుకుంటుంది. ఒక దిశలో గట్టిగా నిలుస్తుంది, మరో దిశలో చిట్లుతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని ఇండ్యూస్డ్ అనైసోట్రోపీ అన్నారు, ఊరివాళ్లు దిశావాసన అన్నారు. దాన్ని బయటపెట్టేది దిశాదర్శి అనే మాటలొచ్చిన యంత్రం. రాతిపలకను దాని కింద పెడితే తెర మీద రంగుచారలు తేలతాయి. ఆ చారల వాలును మాత్రం మనిషే కంటితో చదివి సంతకం చెయ్యాలి. అది ఊరి కట్టుబాటు.

పరాంకుశం ఇరవై ఏళ్లుగా ఆ పనిలో ఉన్నాడు. తొమ్మిదేళ్ల కిందట పక్కబల్ల దగ్గరికి కువలయ వచ్చింది. అతను పూటంతా చదివే పలకను ఆమె గంటలో చదివేసేది. జనం ఆమెనే అడిగేవారు. అతనికి కడుపు మండిపోయేది. తన లెక్కలు చూసి రాసేస్తోందని గొడవపెట్టి, ఆ ఏడే మధ్యలో ఏటవాలు పట్టీల తడిక ఒకటి కట్టించుకున్నాడు.

ఇప్పుడు కొత్త ఆసుపత్రి గుహ రాతి వాలు చదవడంలో ఇద్దరికీ ఐదు డిగ్రీల తేడా వచ్చింది. ఎవరి మాట నెగ్గితే వాళ్లకే ప్రధాన పాఠకుల పదవి.

"తేడా రాతిలో లేదు, ఆ అమ్మాయి కళ్లలో ఉంది," అన్నాడు పరాంకుశం యంత్రంతో. "ఒకే వాలును ఏళ్లకేళ్లు చూస్తే చూపు కూడా అటే ఒరుగుతుంది. మా ఇద్దరి కళ్లనీ కొలిచి చూడు."

"ఫలితం దస్త్రంలోకి ఎక్కుతుందండీ. సమ్మతమేనా?" అంది యంత్రం.

"అందుకేగా అడుగుతున్నది."

కువలయ నవ్వేసి ముందుగా వెళ్లి కూర్చుంది. "కొలవనివ్వండి పరాంకుశం గారూ, నాకూ తెలుస్తుంది."

ఆమెకు సున్నా వచ్చింది, చూపు ఏ వైపూ ఒరగలేదు. తర్వాత అతను యంత్రానికి గడ్డం ఆనించాడు.

"ముప్పై ఏడు డిగ్రీల వాలు," అంది యంత్రం. "ఏ చార చూసినా మీకు ఐదు డిగ్రీలు అటే ఒరిగి కనిపిస్తుంది. మీ పఠనం చెల్లదండీ."

"రాళ్లు చూసీ చూసీ వచ్చుంటుంది."

"రాళ్ల వాలు రోజుకొకటి. ఇది రోజూ గంటల తరబడి చూసిన ఒకే వాలు."

"మీ ఇంట్లో అలాంటి కిటికీ ఏమైనా ఉందాండీ?" కువలయ నిజంగానే కంగారుపడింది. "ఉంటే తీయించెయ్యండి."

పరాంకుశం కళ్లు తడిక మీదికి పోయాయి. కొలవక్కర్లేదు, ఆ పట్టీల వాలు ఎంతో అతనికి తెలిసిపోయింది. ఆమె ఏం చేస్తోందో, ఎవరితో నవ్వుతోందో ఆ సందుల్లోంచే తొమ్మిదేళ్లుగా చూస్తున్నాడు.

ఆమె వైపూ అవే పట్టీలు. ఆమె కళ్లలో మాత్రం సున్నా. ఈ తొమ్మిదేళ్లలో కువలయ అటు నుంచి ఇటు తిరిగి చూసిందే లేదు.

పదవి పోయినందుకు కాదు, ఆ సున్నాకే అతనికి ఏడుపొచ్చింది.