బూడిదరాయి రేవులో చేతి తొడుగు

చీకటి పడ్డాక బూడిదరాయి రేవు దాటేవాడు మా లోయలో లేడు. అటు ఇంగ్లండు, ఇటు స్కాట్లండు — మధ్యలో మోకాలి లోతు నీళ్లు. పట్టపగలే గొడ్లు తోలుకెళ్లే దొంగలు కూడా రాత్రయితే చుట్టూ తిరిగి పోయేవాళ్లు. అక్కడ పేటన్ నిలబడి ఉంటాడని... అప్పటికి పేటన్ చచ్చిపోయి ఏడాది దాటింది.

దెయ్యం సంగతి తర్వాత. ముందు ఆ మనిషిని ఎలా చంపారో చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు.

సంధి రోజున రెండు వైపుల జనం ఒకచోట చేరి తగువులు తేల్చుకుంటాం. మర్నాడు పొద్దు పొడిచేదాకా ఎవరి మీదా చెయ్యెత్తమని అందరం ఒట్టు వేస్తాం. ఎంత పగ ఉన్నా ఆ ఒట్టు తప్పం. అలాంటి రోజు సాయంత్రం, ఇంటికొస్తున్న పేటన్‌ని ఇంగ్లండు వైపు కత్‌బర్ట్ ఆ రేవులోనే వెనకనుంచి పొడిచాడు. పెనుగులాటలో వాడి చేతి తొడుగు ఒకటి ఊడి పేటన్ గుప్పిట్లో ఉండిపోయింది.

పేటన్ భార్య మారియోటా ఊరుకోలేదు. తర్వాతి సంధి రోజున ఆ తొడుగుని బల్లెం మొనకి గుచ్చి, జనం మధ్య పైకెత్తి నిలబడింది. వీడు ఒట్టు తప్పినవాడు అని చాటడం అది. మాలో అంతకన్నా పెద్ద అవమానం లేదు. వాడు ఒప్పుకునేదాకా వాడి ఇంటివాళ్లతో ఎవరూ చెయ్యి కలపరు.

కత్‌బర్ట్ జవాబు చెప్పాల్సిన రోజు దగ్గరపడింది. ఇంతలో రాజులిద్దరికీ ప్రేమలు పుట్టుకొచ్చాయి. ఒకరి పిల్లని ఇంకొకరి ఇంట ఇచ్చి వియ్యమందారు, సరిహద్దులో పాత నేరాలన్నీ మాఫీ చేసేశారు. పెళ్లి విందు వాళ్లకి, చావులు మాకు! మళ్లీ తొడుగు ఎత్తితే ఉరి తీస్తామని సరిహద్దు కాసే రాజుగారి అధికారి మారియోటాని బెదిరించి, దాన్ని ఆమె కళ్లెదుటే మంటల్లో పడేశాడు.

ఆ చలికాలంలోనే మొదలైంది... రాత్రిపూట రేవు మధ్య రాతి మీద నల్లటి ఆకారం. చేతిలో బల్లెం. బల్లెం మొన మీద — అదే తొడుగు.

ఒక రాత్రి మారియోటా వెళ్లింది. ఇదంతా ఆమె నాకు చెప్పిందే. భయం వేయలేదట, ఒళ్లు మండిపోయిందట. పిల్లల్ని తన నెత్తిన పడేసిపోయినవాడికి ఇక్కడ నిలబడే ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందని మొగుణ్ణి కడిగేద్దామనుకుంది. తీరా చూశాక గట్టు మీదే ఆగిపోయింది. కాలి బూడిదైన తొడుగు... వెన్నెల్లో ఐదు వేళ్లతో ఊగుతోంది.

"పేటన్..." అంది మెల్లగా.

ఆకారం తల తిప్పలేదు. అవతలి గట్టునే చూస్తోంది.

ఆ గట్టున గుర్రం ఆగింది. కత్‌బర్ట్. దెయ్యం సంగతేంటో తేలుస్తానని తాగిన మైకంలో పందెం కాసి, ఒక్కడే వచ్చాడు. నవ్వుకుంటూ నీళ్లలోకి దిగాడు. రాయి దగ్గరికి వచ్చేసరికి నవ్వు పోయింది.

"నన్ను వదిలెయ్యి, పేటన్. రాజుగారే మాఫీ చేశారు."

ఆకారం ముసుగు తీసింది.

నెరిసిన జుట్టు... ముసలి మొహం... కత్‌బర్ట్ తల్లి, సిబిల్!

వాడు బల్లెం మొన వైపు చూశాడు. "అమ్మా... ఈ తొడుగు..."

"కాలిపోయినదాని జత మనింట్లోనే ఉందిగా. నువ్వు వస్తావనే రోజూ నిలబడ్డాను" అంది సిబిల్. "మాఫీ చెయ్యడానికి రాజుగారికేం పోయింది? అదిగో, మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి ఆ గట్టున ఉంది. ఆవిడకి చెప్పు."

వాడు నీళ్లలో మోకాళ్ల మీద కూలబడ్డాడు. సంధి రోజున, వెనకనుంచి, తానే పొడిచానని చెప్పాడు. గట్టిగా చెప్పమంది తల్లి. మళ్లీ చెప్పాడు.

అప్పుడు సిబిల్ రాయి దిగి, ఈ గట్టుకి నడిచొచ్చి, బల్లెం మారియోటా చేతిలో పెట్టింది. తర్వాత వెనక్కి చూడకుండా తన ఊరివైపు వెళ్లిపోయింది.

అంతవరకు చెప్పి మారియోటా ఆగిపోయింది. నేనూ అడగలేదు.

కత్‌బర్ట్ ఇల్లు చేరలేదు. అధికారి వచ్చి ఊరూరా ఆరా తీశాడు. వాణ్ణి దెయ్యం పట్టుకుపోయిందని రెండు గట్లవాళ్లమూ ఒకే మాట చెప్పాం.