చేతిప్రయోగం

ఎస్తేరు మూడో జత ప్లేట్లు తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. దిద్దుమందు వేసిన కణాలు చచ్చాయి. వెయ్యనివీ చచ్చాయి.

పక్క హాల్లో తోటి పరిశోధక విద్యార్థులు ఫలసూచి ముందు కూర్చుని ఉన్నారు. ఏ జన్యువును మారిస్తే ఏమవుతుందో ఆ యంత్రం అడిగిన మరుక్షణం చెబుతుంది. అలా ఎందుకవుతుందో వివరణ రాస్తే డాక్టరేటు. చేత్తో ప్రయోగం చెయ్యడాన్ని సిలబస్ నుంచి తీసేసి ఒక తరం దాటింది. ఎస్తేరు వాడుతున్న పిపెట్లు, ఇంక్యుబేటరు కింది అంతస్తులోని ప్రదర్శనశాల నుంచి అడిగి తెచ్చుకున్నవి. పని నేర్చుకున్నది పాత వీడియోలు చూసి.

కణాలు ఆమె చెల్లెలు రూతువి. రూతుకు పుట్టుకతోనే రక్తం జబ్బు. నెలనెలా రక్తం ఎక్కించుకుంటూ ఇంతదాకా నెట్టుకొచ్చింది. దిద్దుమందు ఆ జబ్బు తెచ్చే జన్యువును సరిచేస్తుందని, ప్రమాదం లేదని ఫలసూచి చెప్పింది. ఈ మధ్యాహ్నమే ఎక్కిస్తారు. అంతకుముందు ఒక్కసారి కళ్లతో చూద్దామని ఎస్తేరు ఈ పని మొదలుపెట్టింది.

గైడు విరూపాక్షి లోపలికి వచ్చారు.

"ఏమ్మా, వంట ఎంతవరకు వచ్చింది?"

"మాడింది సార్."

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నారు.

"మొదటి రెండుసార్లు మందు వేసినవే చచ్చాయి సార్. వెయ్యనివి బతికాయి. మందే చంపుతోందనుకున్నాను. ఈసారి రెండూ పోయాయి."

"అయితే తప్పు మందుదా, నీ చేతిదా?"

"అది మీరు చెబుతారని..."

విరూపాక్షి ప్లేటు తీసుకుని కిటికీ వెలుతురులో పట్టి చూశారు. అటూ ఇటూ తిప్పారు.

"మా గైడుకు తెలిసేది. ప్లేటు చూడగానే ఎవరి చెయ్యి ఎక్కడ తడబడిందో చెప్పేవారట. ఆయన నేర్పలేదు, నేను అడగలేదు. అప్పటికే ఫలసూచి వచ్చేసింది కదా." ప్లేటు ఆమెకే ఇచ్చేశారు. "దాన్ని అడిగావా?"

"మందు క్షేమమే అంది. నా చేతిపని గురించి తన దగ్గర సమాచారం లేదంది."

"నీ చెయ్యి మీద నీకు నమ్మకముందా? ఉందంటే చెప్పు, ఇప్పుడే ఆస్పత్రికి ఫోన్ చేసి ఆపిస్తాను. కానీ మీ చెల్లి ఒక్కదానికే కాదు, ఈ మందు కోసం వరసలో ఉన్న అందరికీ ఆగుతుంది. మళ్లీ మొదలవ్వాలంటే ఏళ్లు పడుతుంది. అన్నాళ్లు తట్టుకోలేనివాళ్లూ ఉంటారు అందులో."

ఎస్తేరు తన చేతుల వంక చూసుకుంది.

"కొన్నాళ్లు ఆగితే మళ్లీ చేసి చూస్తాను సార్."

"చేస్తావు. సరిగ్గా చేశావని ఎవరు చెప్పాలమ్మా?"

ఎస్తేరు ఫోన్ చెయ్యమని అనలేకపోయింది.

ఆమె వార్డుకు వెళ్లేసరికి రూతు మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది.

"వచ్చిందండీ మా సైంటిస్టు," అంది వార్డంతా వినేలా. "నేను చెప్పలా? నా రక్తం మీద చేత్తో ప్రయోగం చేసింది ఈవిడే."

పక్క మంచం మీద పాపను పడుకోబెడుతున్న తల్లి లేచి వచ్చి ఎస్తేరు చెయ్యి పట్టుకుంది.

"యంత్రం మాట నమ్మబుద్ధి కాక పాపను ఇంటికి తీసుకుపోదామనుకున్నామమ్మా. మనిషి దగ్గరుండి చూసిందని మీ చెల్లెలు చెప్పాకే ఒప్పుకున్నాం. ఈ వరసలో వాళ్లందరమూ అంతే."

"అక్కా, ఏం తేలిందో నువ్వే చెప్పు వీళ్లకి."

"ఇంకా తేలలేదు," అంది ఎస్తేరు.

రూతు పకపకా నవ్వింది. "చూశారా? పరీక్ష రాసొచ్చినా ఇలాగే అనేది. ఏమో, ఎలా రాశానో అనేది. తీరా చూస్తే ఫస్టు."

అందరూ నవ్వారు. నర్సు మందు సీసాలతో బండి తోసుకుంటూ వచ్చింది.

"నిజంగానే తేలలేదు రూతూ."

"తేలకపోతే ఈపాటికి ఆపించేదానివి కాదూ," అంటూ రూతు నర్సు వైపు చెయ్యి చాచింది.

పక్క మంచం దగ్గర ఆ తల్లి పాప గౌను చెయ్యి పైకి మడుస్తోంది.